అంగడి ముందరి కొయ్యమనిషి

అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలోని జాతీయ చిత్రశాలలో ఒకే వరుసకు చెందిన నీటిరంగుల చిత్రాలు 18,000కు పైగా భద్రపరచి ఉన్నాయి. అవి రాజుల చిత్రాలూ కావు, దేవతల చిత్రాలూ కావు. పెట్టెలు, కుర్చీలు, మట్టికూజాలు, కుట్టుపని దుప్పట్లు, గుర్రపు జీనులు, పిల్లల ఆటవస్తువులు, ఇంటికప్పుమీద నిలిచి గాలివాటం చూపే రేకు కోళ్ళు. ఇటువంటి ఇంటి సామాను, అంగడి సామాను ఒక్కొక్క కాగితంమీద ఒక్కొక్కటిగా చిత్రించారు. వాటి నడుమ ఒక రకం బొమ్మ మాటిమాటికీ ఎదురవుతుంది. అది కొయ్యతో చెక్కిన మనిషి. తలమీద ఈకల కిరీటం, భుజంమీదినుంచి జారిన శాలువ, చేతిలో చుట్టల కట్టో పొగాకు ఆకుల కట్టో. కాళ్ళకింద ఒక పీట. వెనుక ఇల్లు లేదు, వీధి లేదు, కొనవచ్చిన మనిషి లేడు. వట్టి తెల్ల కాగితం.

ఈ కొయ్యమనిషిని ఆ దేశంలో చుట్టల అంగడి ఇండియన్ అంటారు. ఇక్కడ ఇండియన్ అంటే భారతీయుడు కాదు. 1492లో కొలంబస్ అట్లాంటిక్ సముద్రం దాటి తాను చేరిన నేలను ఇండియా ప్రాంతమని భ్రమపడి, అక్కడివారిని ఆ పేరుతో పిలిచాడు. ఆ భ్రమ ఎన్నడో తీరింది, పేరు మాత్రం అయిదు వందల ఏళ్ళకు పైగా అంటుకొనే ఉంది. మన పాత పాఠ్యపుస్తకాలు వారిని రెడ్ ఇండియన్లని రాసేవి. నిజానికి ఆ ఖండపు మొదటి నివాసులకు వేరువేరు జాతులు, వేరువేరు భాషలు, వేరువేరు పేర్లు ఉన్నాయి. లకోటా, చెరోకీ, నవాహో, పౌహాటన్ మొదలైనవి వందల పేర్లలో నాలుగు మాత్రమే.

ఆ చిత్రాన్ని చూసినవారు తరచుగా అనే మాట ఒకటుంది. 'ఓహో, ఆదివాసి ఇలా ఉండేవాడన్నమాట!' ఆ మాట సరికాదు. ఎందుకు సరికాదో తెలుసుకోవడం కినత్తుకడవు బడిలో కూర్చున్న తెలుగు విద్యార్థికి కూడా పనికివచ్చే సంగతే. తన ఇంట్లోనూ కొయ్యబొమ్మలున్నాయి. తనవారి గురించి కూడా ఇతరులు బొమ్మలు గీశారు.

ముందుగా పొగాకు సంగతి. అది అమెరికా నేలలో పుట్టిన మొక్క. ఆదివాసులు దాన్ని పండించి పూజలోను, సంధి కుదుర్చుకొనేటప్పుడు, మందుగాను వాడేవారు. 1612 ప్రాంతంలో జాన్ రాల్ఫ్ అనే ఆంగ్లేయుడు వర్జీనియా సీమలో దాన్ని అమ్మకపు పంటగా వేశాడు. ఆకు ఓడలకొద్దీ లండను చేరింది. అక్కడి పొగాకు అంగళ్ళవారు గుర్తుగా చిన్న కొయ్యబొమ్మలు నిలపడం మొదలుపెట్టారు. నల్లని మేను, నడుముకు పొగాకు ఆకుల కట్టు. వాటికి 'వర్జీనియా మనుషులు' అని పేరు. చెక్కిన వడ్రంగి వర్జీనియాను చూసినవాడు కాడు. అక్కడి ఆదివాసి గురించి విన్నదీ, బానిసలుగా తోటలకు తరలించిన ఆఫ్రికావారి గురించి విన్నదీ కలిపి, లోకంలో ఎక్కడా లేని ఒక మనిషిని తయారుచేశాడు. వర్జీనియా అన్న పేరు తెలుగువారికి కొత్తది కాదు. 1920లలో గుంటూరు ప్రాంతంలో సాగు మొదలైన సిగరెట్టు పొగాకును ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. ఇటు దిండిగల్, తిరుచిరాపల్లి చుట్టలు ఒకప్పుడు ఇంగ్లండు దాకా పేరుపొందాయి. ఒక మొక్కవెంట ఒక పేరు, ఆ పేరువెంట ఒక తప్పు బొమ్మ ఎంత దూరం ప్రయాణం చేస్తాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పందొమ్మిదవ శతాబ్దం నడిమినుంచి అమెరికా నగరాలలో ఈ బొమ్మలకు గిరాకీ పెరిగింది. అప్పటి వీధులలో చదువురానివారు ఉండేవారు. చదువు వచ్చినా ఆంగ్లం రాని వలసవారు ఇంకా ఎక్కువగా ఉండేవారు. అందుచేత అంగడి పేరు రాసిన బోర్డుకంటె అంగడి సరుకును చూపే గుర్తు ముఖ్యం. మంగలి అంగడికి చారల స్తంభం, చెప్పులు కుట్టే చోట పెద్ద కొయ్య బూటు, మందుల అంగడికి రోలూ పొత్రమూ. పొగాకు అంగడికి ఈ మనిషి. పొద్దున చక్రాల పీటమీద బయటికి తోసేవారు, రాత్రి లోపలికి లాగేవారు.

చెక్కినవారి కథ ఆసక్తికరమైనది. వారిలో చాలామంది ఓడ పనివారు. తెరచాప ఓడల ముక్కున నిలిపే స్త్రీమూర్తులను, వీరమూర్తులను చెక్కి బతికినవారు. ఇనుప ఓడలు, ఆవిరి ఓడలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. ఉలి చేతిలోనే ఉంది, మెత్తని తెల్ల పైన్ కొయ్య ఓడల రేవులోనే దొరుకుతుంది. వారు చుట్టల అంగళ్ళవైపు తిరిగారు. న్యూయార్కులో శామ్యూల్ రాబ్ (1851–1928) పని చేయించిన కొట్టు ఇందుకు పేరుపొందింది. ఆ కొట్టునుంచి సర్కసు బళ్ళకు కూడా బొమ్మలు వెళ్ళాయి. వృత్తి పోయిన పనివాడు తన విద్యను ఇంకొక అవసరానికి మలచుకోవడం కోయంబత్తూరు, మదురై ప్రాంతాల సాలెవారి పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు. కాబట్టి ఆ కొయ్యమనిషిని చూసినప్పుడు అందులో కనిపించే నేర్పు ముమ్మాటికీ నిజమైనది. శాలువ మడతలు చూడండి, మోకాలి వంపు చూడండి. ఓడ ముక్కున గాలికి ఎగిరే చీరకుచ్చెళ్ళను చెక్కిన చేయి అది.

నేర్పు నిజమైనదే, రూపం మాత్రం నిజం కాదు. పెద్ద ఈకల కిరీటం మధ్య మైదానాలలోని లకోటా వంటి జాతులవారిది. వారిలోనూ అది అందరూ పెట్టుకొనేది కాదు, గౌరవం సంపాదించిన వీరులది. వర్జీనియాలో పొగాకు పండించిన పౌహాటన్ జాతివారికి ఆ కిరీటంతో సంబంధం లేదు. ముక్కు, పెదవులు, గడ్డం చాలా బొమ్మలలో చెక్కేవాడి ఊరివారివే. కొట్టులో ఒక నమూనా ఉండేది, దానిప్రకారం పదులకొద్దీ బొమ్మలు దిగేవి. గిరాకీదారు కోరినది ఆదివాసిని కాదు, 'ఆదివాసి' అనగానే తన మనసులో మెదిలే రూపాన్ని. వడ్రంగి దాన్నే చెక్కి ఇచ్చాడు.

ఇక్కడ కాలక్రమం కూడా గమనించాలి. 1830లో అమెరికా ప్రభుత్వం తూర్పు ప్రాంతాల ఆదివాసులను మిసిసిపి నదికి అవతలికి పంపివేయడానికి చట్టం చేసింది. వేలమంది దారిలోనే చనిపోయారు. 1890 డిసెంబరులో వూండెడ్ నీ అనే చోట సైనికులు లకోటా స్త్రీలను, పిల్లలను కూడా కాల్చిచంపారు. పుట్టిన నేలమీద ఆదివాసులందరికీ పౌరసత్వం లభించింది 1924లో. చుట్టల అంగళ్ళ ముందు కొయ్యబొమ్మలు ఎక్కువగా నిలిచినవి సరిగ్గా ఈ సంవత్సరాల నడుమనే. కొయ్యమనిషికి చోటిచ్చిన నగరవీధిలో, ఆ పేరుగల అసలు మనిషికి చోటు లేకపోయింది. చిత్రంలోని తెల్ల కాగితంమీద ఈ సంగతి ఏదీ ఉండదు. అందుకే చిత్రాన్ని చదవాలంటే ఆ ఖాళీని కూడా చదవాలి.

ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో కాలిబాటకు అడ్డుగా ఉన్నాయని నగరపాలకులు ఈ బొమ్మలను తొలగించసాగారు. కరెంటు దీపాల బోర్డులు వచ్చాక వాటి అవసరమూ తీరింది. కొన్ని కట్టెలయ్యాయి, కొన్ని పాతసామాను సేకరించేవారి ఇళ్ళు చేరాయి.

అప్పుడు వచ్చింది 1929 ఆర్థిక మాంద్యం. లక్షలమందికి పని పోయింది, చిత్రకారులకూ పోయింది. 1935లో ప్రభుత్వం నిరుద్యోగులకు పని కల్పించే పెద్ద పథకం పెట్టి, అందులో కళాకారులకు ఒక విభాగం ఏర్పాటుచేసింది. దానికి హోల్గర్ కాహిల్ అధిపతి. ఆ విభాగం చేపట్టిన పనులలో ఒకటి 'అమెరికా రూపకల్పనల సూచిక'. దేశంలో సామాన్యుల చేతులమీదుగా తయారైన పాత వస్తువులను వెదకి, రంగులతో సహా కాగితంమీదికి ఎక్కించడం దాని ఉద్దేశం. వందలమంది చిత్రకారులు 1942 దాకా ఈ పని చేశారు. చిత్రాలు 1943లో జాతీయ చిత్రశాలకు చేరాయి. కెమెరా ఉండగా కుంచె ఎందుకని అడగవచ్చు. అప్పటి రంగుల ఛాయాచిత్రం ఖరీదైనది, రంగు నిలిచేది కాదు. పైగా నిపుణుడైన చిత్రకారుడు పలచని రంగును పొరమీద పొరగా పూసి, కొయ్య గరుకుదనాన్నీ, లక్క నిగనిగనూ కంటికి తెలిసేటట్టు చేయగలడు.

చిత్రకారులకు పెట్టిన నియమం గట్టిది. సొంత కల్పన చేయకూడదు. పగులు ఉంటే పగులు వేయాలి, రంగు పెచ్చులూడితే ఊడినట్టే వేయాలి. చిత్రంతోపాటు ఒక అచ్చుపత్రం నింపాలి. వస్తువు పేరు, చేసినవారు, కాలం, పదార్థం, కొలతలు, యజమాని. ఈ క్రమశిక్షణ మెచ్చుకోదగినది. కొయ్యమనిషి చిత్రంలో ఎక్కువ నమ్మదగినవి ఆ పగుళ్ళే. ఈకలు వట్టి ఊహ కావచ్చు, కాని భుజంమీద విచ్చిన చీలిక ఊహ కాదు. అక్కడ ఎండ కాచింది, వాన కురిసింది, పోయేవారి చేతులు తగిలాయి. వడ్రంగి కల్పించిన మనిషిని చిత్రకారుడు కల్పన లేకుండా చూపాడు. అంటే ఈ చిత్రం ఒక అబద్ధానికి నిజమైన నకలు. ఈ రెండు సంగతులనూ ఒకేసారి మనసులో పెట్టుకొని చూడడం కష్టం. అలా చూడలేనివారే దీన్ని ఆదివాసి చిత్రమంటారు, లేదా వట్టి మోసమని పక్కన పెడతారు.

నమ్మకంగా వేసిన చిత్రానికి ఎంత విలువ ఉంటుందో తెలుగునాట అమరావతి చెబుతుంది. కృష్ణా తీరపు బౌద్ధస్తూపపు పలకలను 1816 తరువాతి సంవత్సరాలలో కర్నల్ కాలిన్ మెకంజీ తన చిత్రకారులచేత గీయించాడు. ఆయన దగ్గర పనిచేసిన పండితులలో ఏలూరుకు చెందిన కావలి సోదరులు ప్రసిద్ధులు. తరువాత ఆ పలకలలో కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి, కొన్ని ఏమయ్యాయో జాడ లేదు. అటువంటి పలకలకు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ గీతలే ఆధారం. రాయి పోయింది, కాగితం మిగిలింది. అమెరికా సూచికలోని వస్తువులలోనూ ఇలా పోయినవి ఉంటాయి. కనుక ఆ చిత్రకారుల శ్రమను తక్కువ చేయడం న్యాయం కాదు.

తప్పు మరొకచోట ఉంది. ఆ సూచికలో ఐరోపానుంచి వలసవచ్చిన కుటుంబాలవారి చేతివస్తువులకు చోటు దొరికింది. ఆదివాసుల చేతివస్తువులను మాత్రం చేర్చలేదు. వారి బుట్టలు, కుండలు, పూసల పని, నేతపని మానవజాతి శాస్త్రజ్ఞుల పరిధిలోవని చెప్పి విడిచిపెట్టారు. ఫలితం చూడండి. దేశపు సామాన్యకళల పట్టికలో ఆదివాసి బొమ్మ అనేకసార్లు ఉంది, ఆదివాసి చేసిన బొమ్మ లేదు. ఇతరులు చెక్కిన అతని రూపం 'మన కళ' అయింది. అతడు స్వయంగా అల్లిన బుట్ట 'పరిశోధన వస్తువు' అయింది. ఆ అధికారులు దుర్మార్గులు కారు. ఆకలితో ఉన్న చిత్రకారులకు అన్నం పెట్టినవారు, సామాన్యుల పనికి గౌరవం తెచ్చినవారు. అయినా పట్టిక గీసేటప్పుడు హద్దు ఎక్కడ గీశారన్నది చిన్న విషయం కాదు. కొయ్యమనిషి చిత్రాన్ని గురించి రాసేవారు రంగుల పొందిక, శాలువ మడతలు వర్ణించి ఆగిపోతే ఆ హద్దు కనబడదు.

మన దేశంలోనూ ఇటువంటి కాగితాలున్నాయి. పద్దెనిమిదవ శతాబ్దం చివర, పందొమ్మిదవ శతాబ్దం మొదట్లో తంజావూరు చిత్రకారులు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకోసం చిత్రాల పుస్తకాలు తయారుచేసేవారు. వేసినవారిలో తెలుగు ప్రాంతంనుంచి వలసవచ్చిన ముచ్చివారు ముఖ్యులు. ఐరోపా కాగితంమీద నీటిరంగులతో, పుటకొక జంట చొప్పున. కుండతో కుమ్మరి దంపతులు, నూలుతో సాలె దంపతులు, పాముబుట్టతో పాములవాడు, అతని పక్కన భార్య. ముఖాలు ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి, మారేది పనిముట్టూ కట్టూబొట్టూ మాత్రమే. కింద ఆంగ్లంలో కులం పేరో వృత్తి పేరో ఉంటుంది, మనిషి పేరు ఉండదు. కొన్న దొర వాటిని ఇంగ్లండుకు తీసుకుపోయి 'హిందూదేశపు జనులు వీరే' అని బంధువులకు చూపేవాడు. ఇప్పుడవి లండను మ్యూజియంలలో ఉన్నాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. న్యూయార్కు వడ్రంగికి ఆదివాసి దూరపువాడు. తంజావూరు చిత్రకారుడికి కుమ్మరి పక్కవీధివాడు. అతని పేరు చిత్రకారుడికి తెలియకపోయి ఉండదు. కొనేవాడు అడగలేదు, వేసేవాడు రాయలేదు. బతుకుతెరువుకోసం తన తోటివారిని, బహుశా తనవారినే, పేరులేని నమూనాలుగా చేసి అమ్మాడు. అతన్ని నిందించడం సులభమే. కాని ఆ పుటలలో చీర అంచు, దండకడియం, మగ్గపు నాడె వేసిన తీరు చూస్తే, దొర అడగని సంగతులను కూడా అతడు శ్రద్ధగా రాసిపెట్టాడని తెలుస్తుంది. కొనేవాడి కంటికి ఆననిది వేసేవాడి చేతినుంచి జారి కాగితంమీద పడింది. ఈనాటి నేతపనివారు తమ ముత్తాతల కట్టుబట్టల సంగతి ఆ పుటలలో వెదుక్కోవచ్చు. అమెరికా కొయ్యమనిషిలో అటువంటి లాభం ఏమీ లేదు. ఏ ఆదివాసీ దానిలో తన ముత్తాత శాలువను గుర్తుపట్టలేడు.

ఇక ఇంటి బొమ్మల సంగతి. నవరాత్రులప్పుడు కినత్తుకడవు చుట్టుపక్కల కొలువు పెట్టే ఇళ్ళలో, మెట్ల దిగువన చెట్టియారు అంగడి ఉంటుంది. బొజ్జతో చెట్టియారు, పక్కన నగలతో ఆయన భార్య, ఎదుట చిన్న చిన్న గిన్నెలలో బియ్యం, పప్పులు, బెల్లం. ఇదీ అంగడిబొమ్మే. ఆ బొజ్జలో ఎగతాళి లేదా అంటే కొంచెం ఉంది. మరి దీనికీ ఆ కొయ్యమనిషికీ భేదం ఏమిటి? చెట్టియారు బొమ్మ ఉన్న వీధిలోనే నిజమైన చెట్టియారు ఉన్నాడు. ఆయన అంగడిలోనే ఆ పప్పులు కొంటారు. ఆయన ఇంటి కొలువులోనూ ఆ బొమ్మే ఉంటుంది, ఆయన పిల్లలే గిన్నెలలో బెల్లం నింపుతారు, ఎవరూ చూడనప్పుడు కాస్త తింటారు కూడా. బొమ్మకు జవాబు చెప్పగల మనిషి ఎదుటనే ఉన్నప్పుడు ఎగతాళికి విషం ఎక్కదు. లకోటా మనిషికి న్యూయార్కు అంగడి ముందు నిలబడి 'ఇది నా ముఖం కాదు' అని చెప్పే వీలు లేకపోయింది. అంగడిబొమ్మ మంచిదా చెడ్డదా అని తూచేటప్పుడు చూడవలసిన కొలత ఇదే. బొమ్మ అందమూ, చెక్కినవాడి మంచితనమూ దాని తరువాతి సంగతులు.

తనను తానే అంగడిబొమ్మగా చేసుకోవడం కూడా ఉంది. 1946లో ఎయిర్ ఇండియా సంస్థకోసం బాబీ కూకా ఊహించగా ఉమేశ్ రావు గీసిన మహారాజు అందరికీ తెలిసినవాడే. పెద్ద తలపాగా, మెలితిరిగిన మీసం, వంగి సలాము. పాశ్చాత్యుల మనసులో ఉన్న భారతీయుడినే మనవారు వారికి తిరిగి అమ్మారు. నవ్వుతూ అమ్మారు కాబట్టి చెల్లింది.

ఇన్ని సంగతులు తెలిశాక రెండు రకాల వాదాలు వినిపిస్తాయి. ఒకటి, అది వట్టి అంగడి గుర్తు, దానిలో అవమానం వెదకడం పనిలేని పని అని. ఆ వాదం నిలవదు. చారల స్తంభం ఎవరినీ పోలదు, కొయ్య బూటు ఎవరి ముఖమూ కాదు. ఒక జాతి మొత్తాన్ని సరుకు గుర్తుగా నిలపడం బూటును నిలపడంవంటిది కాదు. రెండవది, అటువంటి బొమ్మలను, వాటి చిత్రాలను కంటికి కనబడకుండా దాచివేయాలని. ఇది బాధనుంచి పుట్టిన మాట కాబట్టి గౌరవించవలసిందే. కాని దాచితే వడ్రంగి నేర్పుతోపాటు, ఆ రూపాన్ని ముచ్చటపడి కొన్నవారి మనసు కూడా మరుగున పడుతుంది. ఆ చిత్రం ఆదివాసి గురించి సాక్ష్యం చెప్పదు, ఆదివాసిని అలా చూడగోరినవారి గురించి చెబుతుంది. సాక్ష్యాన్ని చింపివేయడం ఎవరికి లాభం? చిత్రం గోడమీదనే ఉండాలి. దాని పక్కన ఒక లకోటా స్త్రీ చేసిన పూసల పని కూడా ఉండాలి. ఒకదాని పక్కన ఒకటి ఉంటే చాలు, ఉపన్యాసం అక్కరలేదు.

మన దేశంలో 1961 జనాభా లెక్కల సందర్భంగా ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాలలో ఎంపికచేసిన చేతివృత్తులమీద ప్రత్యేక సంపుటాలు వెలువడ్డాయి. ఎంతో ఉపయోగకరమైన పని అది. అయితే ఇటువంటి పట్టికలు రాష్ట్రాలవారీగా నడుస్తాయి. విజయనగర కాలంనుంచి, మదురైలో విశ్వనాథ నాయకుడు 1529లో నాయకరాజ్యానికి పునాది వేసిన కాలంనుంచి, కావేరికి ఇటువైపు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఉన్న వస్తువు ఏ రాష్ట్రపు పుటలో చేరాలి? తిరుపతిలో చెక్కిన ఎర్రచందనపు జంటబొమ్మ కినత్తుకడవులో మరపాచి అయింది. చెక్క అక్కడిది, పేరు ఇక్కడిది, దానికి పట్టుగుడ్డ కట్టి కొలువులో మొదటి మెట్టుమీద నిలిపే చేయి తెలుగు మాట్లాడే ఇంటిది. పట్టిక గీసేవారి హద్దుకు అటూ ఇటూ కాకుండా పోయే వస్తువులు ఇవే. ఎవరో వచ్చి రాస్తారని కూర్చుంటే, వచ్చినవారు తమకు కావలసినదే రాసుకుపోతారు. తంజావూరు పుటలలో జరిగినది అదే కదా.

అమెరికా సూచిక చిత్రకారులు నింపినటువంటి పత్రాన్ని ఎనిమిదో తరగతి విద్యార్థి ఒక కాగితంమీద గీసుకోవచ్చు. దానికి ప్రభుత్వ పథకం అక్కరలేదు. వస్తువు: మరపాచి జంట. పదార్థం: ఎర్రచందనం. ఎత్తు: జానెడు. స్థితి: ఆడబొమ్మ ఎడమచేయి అంచున చిన్న పగులు, మగబొమ్మ వీపు నునుపుగా అరిగింది. కాలం: అవ్వ పెళ్ళినాటిది, అవ్వకు వాళ్ళమ్మ ఇచ్చింది. చేసినవారు: ఈ గడి దగ్గర అవ్వ కాసేపు ఆలోచిస్తుంది. పేరు ఆమెకు తెలియదు. కాని వీపు ఎందుకు అరిగిందో తెలుసు. పిల్లలకు వాపు వచ్చినప్పుడల్లా దాన్ని సానమీద నీళ్ళతో అరగదీసి పూత పూసేవారు. ఎవరెవరికి పూశారో పేరుపేరునా చెబుతుంది. అందుకు పత్రంలో గడి లేదు. కాగితం తిప్పి వెనుక రాసుకోవాలి.